పన్నెండో మర

గ్రనోబుల్‌లో రెండు నదులు కలిసే ముక్కు దగ్గర
నా రాత్రి ఉద్యోగం.
ద్రవ హీలియం పోస్తాను.
ఎవరెవరో తెచ్చుకున్న పొడులకి చలి పుట్టించడం
ముప్ఫై ఏళ్ళుగా నా పని.

ఈసారి వచ్చినవాడు ఆర్మెల్. బ్రెతాన్యా పిల్లాడు,
బూట్ల మీద ఇంకా సముద్రపు ఉప్పు మరక.
చేతిలో గ్రాము నల్లపొడి.
"ఎండని కరెంటు చేస్తుంది, సొలాంజ్" అన్నాడు,
అప్పిచ్చినవాడి పేరు చెప్పినంత మర్యాదగా.

పల్చటి అల్యూమినియం డబ్బాలో పరిచాం.
అంచు చుట్టూ ఇండియం తీగ, వెన్నలా నలిగే లోహం.
దాని మీద పన్నెండు మరలు.
ఒకటి ఇటు, ఒకటి అటు, బిగించుకుంటూ వచ్చాను.
పదకొండు దాకా గుర్తుంది.

లోపల ఏముందో వాడు కాఫీ బల్ల మీద
చక్కెర బిళ్ళలు పేర్చి చూపించాడు.
ఎనిమిది మూలలా సీసం,
పన్నెండు అంచుల మీదా అయొడిన్,
నట్టనడుమ ఒక్క అణువు అద్దెకుంటుంది.
కార్బనూ నైట్రోజనూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని,
చెరో కొసకీ మూడేసి హైడ్రోజన్లు.
గది దాటదు.
గదిలో ఊరుకోదు.

"ఒక పక్కకి తిరిగి ఎంతసేపుంటుంది?"
"సెకనుని లక్ష కోట్ల ముక్కలు చెయ్యి.
అందులో పదో, పద్నాలుగో."
అప్పటికి నా ఆవలింత సగంలో ఉంది.
ఆ సగంలో అదెన్నిసార్లు తలకిందులైందో!

ముందు గడ్డకట్టించాం.
తెర మీద గీత సూదిలా నిలబడింది.
కదలని వాటి గీత అలాగే ఉంటుందట.
కాస్త వెచ్చబెడితే
కొసనున్న హైడ్రోజన్లు మాత్రం,
గాఢ నిద్రలో బొటనవేలు ఆడించే మనిషిలా,
ఉన్నచోటే గిర్రున తిరిగాయి.
మైనస్ నూటపది దాటిందో లేదో
సూది పాదాలు వాచాయి.
రాత్రంతా నిలబడి పనిచేసేవాళ్ళం,
ఆ వాపు మాకు తెలుసు.

"మొత్తం అణువే దొర్లుతోంది!" అని కేకేసి
ఆర్మెల్ కాఫీ ఒలకబోశాడు.
"ఇది దొర్లితే కరెంటు ఎక్కువొస్తుందా?"
తుడుస్తూ అడిగాను.
వాడి మొహం కొంచెం వాడింది.
"అవునంటారు కొందరు. ఇంకొందరు
గోడలే ముఖ్యం, అద్దెకున్నవాడితో పన్లేదంటారు."
"మరి నీకెందుకు?"
"కదులుతుంటే
చూడకుండా ఎలా ఉంటాం?"

మా చెల్లెలు క్లొతీల్ద్ లియోన్ వెళ్ళింది, మార్సే వెళ్ళింది,
ఇప్పుడు లీల్‌లో ఉంది, రేపు తెలీదు.
ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పాట:
నువ్వు కదలవే అక్కా,
అదే హాలు, అదే ట్రాము, అదే మూడో అంతస్తు.
నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు.
హాల్లో హీలియం బుసకి
సగం మాటలు వినిపించవు కూడా.

ఏడో రోజు పొద్దున డబ్బా విప్పాం.
నలుపు అంచున గోరంత మేర
నిమ్మతొక్క రంగు.
ఎక్కడో సందు దొరికింది.
లోపలివాళ్ళు ఆవిరై లేచిపోయారు.
మిగిలినవి సీసం, అయొడిన్,
ఎండ మొహం చూసినా పెద్దగా పలకని పసుపు.
పన్నెండో మరని తాకాను,
వేలికే తిరిగింది.

ఆర్మెల్ నన్నొక్క మాటనలేదు.
పుస్తకంలో రాసుకున్నాడు:
అంచు పోయింది. మధ్యది బాగానే ఉంది.
పెన్ను మూత పెట్టడానికి మాత్రం
చాలాసేపు పట్టింది వాడికి.

బయట ఇజేర్ నది మంచు కరిగిన బూడిద నీళ్ళతో
ఒడ్డుని ఒరుసుకుంటూ పోతోంది.
ఇంటికెళ్ళి పడుకున్నాను.
ఎడమకి తిరిగాను, గోడ.
కుడికి తిరిగాను, కిటికీ.
నా గీతని ఎవరైనా తెర మీద వేసి చూస్తే
పాదాల దగ్గర సన్నగా మాత్రం ఉండదు.

ఈ మాట క్లొతీల్ద్‌కి చెప్పాలని ఫోన్ చేశాను.
ఎక్కడ ఎత్తుకోవాలో తెలీక
హీలియం ధర మళ్ళీ పెరిగిందని చెప్పి
పెట్టేశాను.